గాజు జాడీలో పెద్దరసం

చైనా దేశంలో ఒకప్పుడు కోట్లాది జనం అద్దాలపెట్టెలో పెట్టి, డప్పులు కొట్టి ఊరేగించి, వరసల్లో నిలబడి తలలు వంచి దండం పెట్టుకున్న మామిడిపండు మా పెరట్లో కాసింది. నమ్మకం లేనివాళ్లు మా ఊరు రావచ్చు, చెట్టు చూపిస్తాను. ముసునూరు దాటాక తోటల మధ్యకి పోయే మట్టిరోడ్డు పట్టుకుంటే చర్చి వెనక మూడో ఇల్లు మాది. పెరట్లో ఒక పక్కకి ఒరిగిన పెద్దరసం చెట్టు ఉంది, దాని తూర్పు కొమ్మ చివర కాసింది ఆ పండు. వరిగడ్డిలో చుట్టి బుట్టలో పెట్టింది ఈ చేతులే. అక్కణ్ణించి రైల్లో కలకత్తా, కలకత్తా నుంచి ఓడలో చైనా. సోషల్ మేష్టరుగా పనిచేసినన్నాళ్లూ ఆసియా పటం గోడకి తగిలించిన ప్రతిసారీ ఈ సంగతి పిల్లలకి చెప్పాను. బెత్తం కొనతో మా ఊరి నుంచి ఆ దేశం దాకా గీత గీసి మరీ చూపించేవాణ్ణి. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు వెనక బెంచీలో కూర్చుని అంతా విని, వెళ్తూ వెళ్తూ నాకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం మాత్రం నిజం. మిగతాదాంట్లో ఎంత నిజముందో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. ఎందుకంటే ఇన్నేళ్లూ గాలికి పోయిన ఆ మాట, ఈసారి అచ్చుకి వెళ్లబోయింది.

పోయిన వేసవి మొదట్లో మా అక్క మనవరాలు స్నేహ ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. అక్కా నేనూ ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిడకి భర్త లేడు, నాకు భార్య లేదు, ఇద్దరికీ షుగరుంది. మామిడిపళ్ల కాలంలో ఒకరికొకరు కాపలా. స్నేహ నూజివీడులో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి పళ్లు ఏరి, కడిగి, పెట్టెల్లో సర్ది బయటి దేశాలకి పంపే వ్యాపారం పెట్టుకుంది. ఈసారి హాంకాంగ్ నుంచి ఒక చైనా ఆవిడ పళ్లు కావాలందట, ఆ పెట్టె నమూనా మాకు చూపిద్దామని తెచ్చింది. పైకి చూస్తే చెప్పులపెట్టె కన్నా బీదగా ఉంది. మూత తీస్తే లోపల ఎర్రటి పట్టుగుడ్డ, పరుపులాంటి మెత్తలో ఎనిమిది గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో బంగినపల్లి పండు పసిపిల్లలా పడుకుని ఉంది. పన్నెండు పట్టే చోట ఎనిమిదే ఏంటని అడిగితే, ఎనిమిది వాళ్లకి కలిసొచ్చే అంకె అంది. నాలుగు మాత్రం పనికిరాదట, ఆ మాట వాళ్ల చెవికి చావులా వినిపిస్తుందట.

"లోపల పెళ్లికూతురు, పైన గోనెసంచి. ఇదేం చోద్యమే?" అన్నాను.

"అదే కావాలంట తాతయ్యా. ఇదివరకు పైన కూడా బంగారు రంగే ఉండేదంట. ఆఫీసర్లకి కానుకలివ్వడం మీద అక్కడి గవర్నమెంటు గట్టిగా పట్టుకుంది కదా, గొప్ప చూపించుకునేవాళ్ల మీద కన్నేసిందంట. అందుకని ఇప్పుడు పుచ్చుకున్నవాళ్లకి విలువ తెలియాలి, మోసుకెళ్తుంటే రోడ్డు మీద చూసినవాళ్లకి తెలియకూడదు."

ఇంకా చాలా చెప్పింది. ఆ పళ్లు కొనుక్కున్నవాళ్లు తినరట, పై అధికారికో, అత్తమామలకో, పిల్లకి చదువు చెప్పే పంతులుకో ఇస్తారట. పుచ్చుకునేవాళ్లు వద్దు వద్దని రెండుమూడుసార్లు వెనక్కి తోసి అప్పుడు తీసుకుంటారట, ఇచ్చినవాళ్ల ముందు విప్పి చూడరట. కొన్ని పెట్టెలు మూత తీయకుండానే మరో ఇంటికి పోతాయట. ఇదంతా పరువు కోసం అంది, ఇచ్చేవాడి పరువు, పుచ్చుకునేవాడి పరువు. నాకు నవ్వొచ్చింది. దానికి చైనా దాకా పోవాలా? మా చర్చిలో కోతపండుగ రోజున ఆరాధన అయ్యాక ప్రథమఫలాల వేలం చూస్తే చాలదూ? ఎవరి పెరట్లోనో కాసిన మొదటి ఆనపకాయని ఇద్దరు పెద్దమనుషులు పంతం పట్టి పాడుకుంటూ పోతారు, గెలిచినవాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లకుండా మళ్లీ దేవుడికే ఇచ్చేస్తాడు, దాన్ని మళ్లీ వేలం వేస్తారు. చివరికి ఆ కాయ సొమ్మసిల్లి పాస్టరుగారింటి పులుసులోకి చేరుతుంది. చిన్నప్పుడు ఆ వేలంలో నోరెత్తే తాహతు మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. కాయలు తెచ్చేవాళ్లం మేమే, పాడేవాళ్లు వేరే.

స్నేహకి నా దగ్గర పని ఉంది. పెట్టెలో ఒక చిన్న కాగితం పెట్టాలి, పండు ఏ ఊరిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఏదో ఒక కథ ఉండాలి. కథ లేని పండు అక్కడ కూరగాయతో సమానమట. అంత మాట అన్నాక నా చెయ్యి ఊరుకుంటుందా? ఆ సాయంత్రానికే రాసిచ్చాను, పైన మీరు చదివిన మొదటి నాలుగు ముక్కలూ అవే, ఇంకొంచెం నెయ్యి వేసి. అందులో ఒక మూల మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, ఆ చెట్టుకి నీళ్లు పోసేదని ఒక వాక్యం. స్నేహ దాన్ని ఇంగ్లీషు చేసి పంపింది. రెండు రోజులకి ఆ హాంకాంగ్ ఆవిడ జవాబు రాసింది. చాలా మర్యాద. పెద్దాయన రాత అద్భుతం అంది, ఊరు కళ్లకి కట్టింది అంది, తర్వాత నేను అందులో ఎత్తిన చైనా పాత నాయకుడి మాట మొత్తం తీసేయమంది. ఆ రోజుల్లో నలిగిపోయిన ఇళ్లున్నాయి, ఇప్పటికీ ఆయన బొమ్మకి మొక్కే ఇళ్లూ ఉన్నాయి, ఈ పెట్టె ఎవరింట్లో ఎవరు తెరుస్తారో తెలియదు, కానుకలో రాజకీయం ఉండకూడదు అని. దాని బదులు ఆ ముసలావిడ గురించి రాయగలరా అని అడిగింది. పెద్దవాళ్ల నోట్లో పెట్టాకే పిల్లలు తినాలన్నది తమకి అన్నిటికన్నా పై మాటట, అమ్మానాన్నలకి పంపేందుకే ఎక్కువమంది ఈ పళ్లు కొంటారట.

నేను రెండో కాగితం రాశాను. మా మామ్మ జీవితమంతా తోటల్లో పళ్లు ఏరి, ఒక్క మచ్చలేని పండు కూడా నోట పెట్టకుండా ముసలిదయిందనీ, ఆమె చివరి వేసవిలో మా చెట్టు మొదటిసారి కాస్తే, ఆ ఒక్క పండునీ పదేళ్లవాణ్ణి నేను నా చేతులతో మెత్తగా పిసికి, ముచ్చిక గిల్లి, బొట్టు బొట్టుగా ఆమె నోట్లో పిండాననీ, ఆమె నా తల మీద చెయ్యివేసి కళ్లు మూసిందనీ. చైనా ఆవిడకి ఎంత నచ్చిందంటే, ఖరీదైన కాగితం మీద అచ్చువేయిద్దాం, ఆ కాగితం వల్లే పెట్టె విలువ పెరుగుతుంది అని రాసింది. స్నేహ ఆ మాట చెప్పి నా బుగ్గ గిల్లి వెళ్లింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. మొదటి అబద్ధం మీద నేను యాభై ఏళ్లు హాయిగా స్వారీ చేశాను. ఈ రెండోది మాత్రం గొంతులో టెంకలా అడ్డం పడింది. మామ్మ నోట్లోకి ఆ పండు వెళ్లిందా లేదా అన్న ఒక్క సంగతీ నేను ఇన్నేళ్లలో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ముందు చిన్న ముడి విప్పేస్తాను. చైనా జనం మొక్కిన పండు మాది కాదు. అది పాకిస్తాన్ నుంచి వెళ్లిన ఒక మంత్రి వాళ్ల నాయకుడికి కానుకగా తీసుకెళ్లిన బుట్టలోది. ఆయన తను తినకుండా కార్మికులకి పంపాడు, వాళ్లూ తినకుండా దాచారు, కుళ్లిపోతుంటే మైనంతో అలాంటి పళ్లు చేసి అద్దాలపెట్టెల్లో పెట్టి ఊరూరా తిప్పారు. ఆ పండుకీ మా పెరటికీ ఉన్న చుట్టరికమల్లా ఒక రంగుల బొమ్మ. నూజివీడులో బట్టలు కుట్టే దర్జీ ఒకాయన దగ్గరికి ఎవరెవరి చేతులో మారి చైనా పత్రిక ఒకటి వచ్చింది. కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినప్పుడు చైనా వైపు మొగ్గినవాళ్లలో ఆయనొకడు, మా నాన్న ఇంకొకడు. నాన్న మామిడితోటల్లో కోత కూలీ. చిక్కం కట్టిన గెడ పట్టుకుని ఏ కొమ్మకైనా ఎక్కేవాడు, చదువు మాత్రం అక్షరాలు కూడబలుక్కునేంత. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని దర్జీ దుకాణానికి వెళ్లాడు. ఆ కాగితం నున్నదనం, దాని కిరసనాయిలు వాసన నాకిప్పటికీ వేళ్లకి అంటుకునే ఉన్నాయి. బొమ్మలో ఒకేలాంటి బట్టలు తొడుక్కున్న కూలీలు వరసగా నిలబడి ఉన్నారు, ముందున్నవాడి చేతుల్లో గాజుపెట్టె, అందులో మామిడిపండు. కుళ్లిన పండునైనా పారేయకుండా నీళ్లలో ఉడకబెట్టి తలా ఒక చెంచా తాగారట అని దర్జీ చదివి చెప్పాడు. నాన్న ఆ బొమ్మ వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు: "అక్కడ కూలోడి చేతిలో పండుకి జనం దండం పెడుతున్నారే."

నాన్న ఆ బొమ్మని తనకి తెలిసిన ప్రపంచంతో చదువుకున్నాడు. పండుకి దండం ఎందుకు పెడతారు? దాన్ని కాపాడి, సొన ఒంటిమీద పడకుండా కోసి, దించినవాడి పని గొప్పది కాబట్టి. ఆయనకి వేరే కారణం తోచలేదు. వాళ్లు మొక్కింది ఇచ్చిన చేతికని నాకు చాలా ఏళ్ల తర్వాత పుస్తకాలు చదివితే తెలిసింది. అప్పటికి నాన్న లేడు. ఉన్నా చెప్పి ఉండేవాణ్ణి కాదు.

కోతల రోజుల్లో మా ఇల్లు సొన వాసన వేసేది. పుల్లగా, ఘాటుగా, కళ్లు మండించే వాసన. నాన్న భుజాల మీద, మెడ మీద సొన కాల్చిన నల్లటి మచ్చలు. అమ్మ రోజూ సాయంత్రం వాటికి కొబ్బరినూనె రాసేది, ఆయన పళ్లు బిగించి నేలకేసి చూసేవాడు. మామ్మ కామందుగారి షెడ్డులో పళ్లు ఏరే పని యాభై ఏళ్లు చేసింది. గడ్డి పరిచిన నేల మీద కాళ్లు చాపి కూర్చుని, రెండు చేతులతో రెండు పళ్లు తీసి, ముక్కు దగ్గరికి ఒక్క క్షణం తెచ్చి పక్కన పెట్టేది. మొదటి కుప్ప మచ్చలేనివి, అవి బళ్ల మీద బాపులపాడు దగ్గర స్టేషనుకి వెళ్లి రైలెక్కేవి. రెండో కుప్ప బెజవాడకి. మూడోది పచ్చళ్లకీ తాండ్రకీ. చిలక కొరికినవి, ఉడత గీరినవి, పగిలినవి, సొన కారి మాడినవి నాలుగో కుప్ప, అది మాది. ఆ నాలుగో కుప్పని మేం తక్కువగా అనుకున్నది లేదు. చిలక కొరికిన పండే తియ్యనిదని మామ్మ ఒట్టేసి చెప్పేది, మేం నమ్మేవాళ్లం, తాండ్ర ఎండబెట్టిన చాపల అంచులు గోకి తినేవాళ్లం. మొదటి కుప్పలో పండు ఒకటి దాచుకోవడం ఆవిడకి కష్టమేమీ కాదు. "ముక్కుతో తిన్నాగా, చాలు" అనేది. ఆవిడకి దేవుడంటే భయం, ప్రథమఫలమంటే ఇంకా భయం. మా కోడి పెట్టిన మొదటి గుడ్డూ, పాదుకి కాసిన మొదటి బీరకాయా చర్చికి వెళ్లాల్సిందే. నాన్న పార్టీలో చేరాక చర్చి మానేశాడు కానీ, ప్రతి ఆదివారం తల్లిని చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్లి, ఆరాధన అయ్యేదాకా బయట గోడకి చేరబడి బీడీ తాగుతూ ఉండేవాడు.

పెరట్లో పెద్దరసం అంటు నాన్నే తెచ్చి నాటాడు. అంటుమొక్కకి మొదట్లో వచ్చే పూత తుంచేయాలి, లేకపోతే చెట్టు బలం పుంజుకోదు. కోత కూలీకి ఇది ఒకరు చెప్పాలా? నాన్న మూడేళ్లు తుంచాడు. దర్జీ దుకాణంలో బొమ్మ చూసిన మరుసటి ఏడు ఒక్క కొమ్మ వదిలేశాడు. పిందెలు రాలిపోయి ఒక్కటి నిలిచింది. దానికి గుడ్డసంచీ కట్టాడు, చిలక ముట్టకుండా. అది పెరిగిన ఆ రెండు నెలల్లోనే మామ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నులకమంచం మీద, గోడవైపు తలపెట్టి, ఎడమచెయ్యి ఒక్కటే కదుపుతూ ఉండేది. మాట ముద్దగా వచ్చేది. సంచీ విప్పి కాయ కోసిన రోజు నాన్న దాన్ని తెచ్చి ఆవిడకి చూపించాడు. ఎడమచేత్తో తడిమింది. మచ్చ లేదు. ప్రథమఫలం సంగతి ఎత్తుతుందేమో, చర్చికి పంపమంటుందేమో, ఇంట్లో గొడవ అవుతుందేమో అని అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నలుపుకుంటోంది. మామ్మ దేవుడి మాట ఎత్తలేదు. పిల్లలు అడిగినట్టు అడిగింది.

"మాగాక నాకు పెట్టరా అబ్బాయా. ఒక్కటి, బాగున్నది తిని చూస్తాను."

నాన్న తలూపాడు. గడ్డిలో పెట్టాడు. కానీ పండు రంగు తిరిగిన గురువారం నాడు రోడ్డు మీద టీకొట్టు నుంచి బిస్కెట్ల గాజు జాడీ ఒకటి అరువు తెచ్చి, కడిగి తుడిచి, అడుగున అమ్మ ఎర్ర రవికగుడ్డ పరిచి, పండుని అందులో నిలబెట్టాడు. ఆదివారం దర్జీ కామ్రేడు వస్తాడు, తోట కూలీలందరూ చూస్తారు, అందరి ఎదటా కోసి ముందు మామ్మకి పెట్టి తర్వాత అందరిచేతా రసం తలా ఒక వేలు నాకిద్దాం అన్నాడు. మూడు రోజులే కదా అన్నాడు. పని నుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో చెప్పులు వదిలి మరీ చూసివెళ్లారు. అరవై ఏళ్ల కూలీ ఒకాయన జాడీ ముందు గొంతుక్కూర్చుని, ఇన్ని బుట్టలు మోశాను కానీ పండుని ఇట్టా కూర్చుని చూడలేదురా అన్నాడు. నాన్న మొహంలో ఆ వెలుగు నేను మళ్లీ చూడలేదు.

జాడీకి కాపలా నేను. వేసవి సెలవులు. అమ్మా అక్కా షెడ్డుకి, నాన్న తోటకి. ఇంట్లో మామ్మా, నేనూ, పండూ. ఆ మూడు రోజులూ నేను ఊళ్లో మనిషినయ్యాను. వచ్చినవాళ్లకి చైనా కథ చెప్పేది నేనే, జాడీ చుట్టూ ఈగలు తోలేది నేనే, ఎంత దూరంలో నిలబడాలో గీత గీసింది నేనే. కామందుగారి మనవడు కూడా వచ్చి గీత అవతల నిలబడ్డాడు. నా జీవితంలో మొదటిసారి నా వంక చూసి మాట్లాడాడు. శుక్రవారం మధ్యాహ్నం మామ్మ నన్ను పిలిచింది. పండు మాగిందిరా, ఇప్పుడే పెట్టు అంది. ఇంకా మాగలేదన్నాను. వాసన వస్తోందిగా అంది. యాభై ఏళ్లు ముక్కుతో బతికిన మనిషి. మూతపెట్టిన జాడీలోంచి గది ఆ చివరికి ఆవిడకి అందింది. నేనేమన్నానో చెప్పాలి. "నీ ముక్కు పోయింది మామ్మా, నీకు తెలీట్లేదు" అన్నాను. ఆవిడ ఎడమచెయ్యి మెల్లగా ముక్కు మీదికి తెచ్చుకుని అక్కడే ఉంచుకుంది. నేను ఎవరికీ చెప్పనిది ఇదే.

శనివారం మధ్యాహ్నం మామ్మ పోయింది. నేను గుమ్మంలో ఎవరికో చైనా కథ చెబుతున్నాను. తిరిగి చూస్తే మంచం మీద కదలిక లేదు. ఆదివారం దర్జీ కామ్రేడు సమాధి తవ్విన చోటికి వచ్చాడు, జాడీ సంగతి ఎవరూ ఎత్తలేదు. సోమవారానికి పండు ముచ్చిక దగ్గర నల్లబడి, కింద నీరు కారి రవికగుడ్డకి అంటుకుంది. నాన్న దాన్ని కుండలో వేసి, నీళ్లు పోసి, తనే పొయ్యి ఊది ఉడకబెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పొగకే అనుకున్నాం. తలా ఒక చెంచా పోశాడు. పులిసిన గంజిలా ఉంది. అమ్మ మాత్రం తాగలేదు. చెంచా ఒలకకుండా పట్టుకుని సమాధులదొడ్డి దాకా నడిచివెళ్లి, పచ్చి మట్టి మీద పోసి వచ్చింది. తాను పెట్టకపోవడం వల్లే తన తల్లి ఆ కోరికతో పోయిందని నాన్న ఊరందరికీ చెప్పుకున్నాడు. తర్వాత బతికినన్నేళ్లూ మామిడిపండు ముట్టలేదు. చెట్టు ఏటా కాసింది, కాయలన్నీ ఎవరికో ఒకరికి పంచేసేవాడు.

ఇప్పుడు ఆ చెట్టు కింద రసాలు రాలి పగిలి ఈగలు ముసురుతుంటాయి. ఏరేవాళ్లు లేరు. రసం తోలు పలచన, ప్రయాణానికి ఆగదు, అందుకే స్నేహ పెట్టెల్లోకి బంగినపల్లి వెళ్తుంది. అంటే నా కథ ఒక పండుది, పెట్టె మరో పండుది. ఎర్రగుడ్డ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అక్కడెక్కడో ఒక కొడుకు తల్లికి ఆ పెట్టె ఇస్తాడు, ఆవిడ వద్దు వద్దంటుంది, మూత తీయకుండా అలమారలో పెడుతుంది, నా కాగితం చదివి కళ్లు తుడుచుకుంటుంది. ఈలోగా లోపల పండు తనపాటికి తను మాగుతూ ఉంటుంది. పరువు కోసమో, పార్టీ కోసమో, దేవుడి కోసమో పండుని దాచిపెట్టే ఇంట్లో, దాని వాసన పీలుస్తూ ఒకరు మంచం మీద ఉంటారు. పెట్టు అని వాళ్లు అడుగుతూనే ఉంటారు. నాన్న మంచివాడు. ఆ మూడు రోజులూ ఆయన మాట దాటే ధైర్యం నాకు లేకపోయింది. అంతే జరిగింది.

ఇక్కడిదాకా రాసి, అచ్చుకి వెళ్లబోయే కాగితం ఆపమని స్నేహకి కబురుచేశాను. వచ్చింది. అక్కకి కళ్లు సరిగా ఆనవు, అందుకని రెండూ పైకి చదవమన్నాను, ముందు పెట్టెలో పెట్టే కాగితం, తర్వాత ఈ రాసిందంతా. అక్క చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. ముక్కు సంగతి వచ్చినప్పుడు ఒలవడం ఆపింది. అయ్యాక స్నేహ కళ్లు తుడుచుకుని, ఇదే నిజమైతే ఆ కాగితం వద్దులే తాతయ్యా, ఉత్త పళ్లే పంపుదాం అంది. నాకు ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు తేలిగ్గా అనిపించింది. అక్క చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నాన్న మాట దాటలేకపోయావా? శనివారం పొద్దున్న పనికెళ్తూ జాడీ మూత తీసి, పండు నీ చేతిలో పెట్టాడురా. 'ఆదివారం దాకా ఎందుకు, మామ్మకి ఇప్పుడే పెట్టెయ్' అన్నాడు. నేను బావి దగ్గర పళ్లు తోముకుంటున్నా, విన్నా. ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి, దాన్ని మళ్లీ జాడీలో పెట్టావు. శవం దగ్గరికొచ్చి ముందు జాడీ చూశాడు, తర్వాత నిన్ను చూశాడు. అప్పట్నించీ నేనే పెట్టలేదు, నేనే పెట్టలేదు అని ఊరంతా చెప్పుకున్నాడు. పదేళ్ల వెధవ్వి, ఎక్కడ చస్తావోనని."